సళి

కుశస్థలి ఏరు ఎన్నూరు దగ్గర సముద్రాన్ని తాకేచోట
యానాదులు చేత్తో రొయ్యలు పడతారు.
వల లేదు, గాలం లేదు.
పీకల్లోతు నీళ్ళల్లో మోకాళ్ళ మీద కూచుని
బురదలో వేళ్ళు ఆడిస్తారు.
తాటాకు బుట్ట పంటితో కరిచి పట్టుకోవాలి.
నోరు బుట్టకి పోగా
మిగిలిన ముక్కుతోనే బతుకంతా పీల్చాలి.
ఆ గాలి పొగగొట్టాలది,
ఆ బురదలో సగం బూడిద.

మానికల చెంగమ్మది సూళ్ళూరుపేట అవతల.
ఇక్కడికొచ్చి రెండు వానాకాలాలు.
మూడో ఎండాకాలంలో మా ఆస్పత్రికొచ్చింది,
తడి ఆరని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నేను రికార్డుల గుమాస్తాని.
మా తాత రైలు పట్టాల పనికొచ్చి ఈ ఊళ్ళోనే ఆగిపోయాడు.
తెలుగు నాకు వినడం వచ్చు,
రాయడం ముప్పై దాటాక నేర్చుకున్నాను.
అందుకే ఆ మాట విన్నాను, అటువైపు ఫైళ్ళు మోస్తూ.

డాక్టరమ్మ అడిగింది: సళి ఇరుక్కా?

చెంగమ్మ కిటికీలోంచి ఎండని చూసింది.
"చలెక్కడిదమ్మా, ఒళ్ళు మండిపోతా ఉంటే!"
తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ రాసుకుంది: తెమడ లేదు.

ఎవరూ అబద్ధమాడలేదు.
ఆ పూట ఆవిడ చూసింది నూట నలభై మందిని,
చీటీలు కుట్టింది నేనే.
రెండు భాషలూ వచ్చిన మనవడు పోలయ్య
మందుల కిటికీ దగ్గర ముందే వరస పట్టుకుని ఉన్నాడు,
అవ్వ నిలబడలేదని.
నేను ఆగి చెప్పొచ్చు.
చేతుల్లో ఫైళ్ళున్నాయి.
ఫైళ్ళు కింద పెట్టొచ్చు.

తొమ్మిదో రోజు ఆమె నా రిజిస్టరులోకొచ్చింది.
వయసుకి గడి ఉంది: సుమారు యాభై అయిదు.
తలుపు నంబరుకి గడి ఉంది: గీత.
కారణానికి గడి ఉంది: న్యుమోనియా.
దగ్గుకి భాష లేదంటారు,
నిజమే,
ఎన్నాళ్ళ నించి అని అడిగేదాకా.
ఆ మాట ఏ భాషలో అడిగారో రాసే గడి లేదు.

జూలైలో మీటింగు. గోడ మీద నగరం పటం.
అడయారు దాకా లేత పసుపు,
రాయపురం దాటాక బెల్లం పాకం,
ఎన్నూరు మాడిపోయింది.
"ప్రాంతీయ వ్యత్యాసం" అన్నారు ఆఫీసరు, కర్ర ఆనించి.
ఎవరో సీజను అన్నారు.
ఎవరో అలవాట్లు అన్నారు.
వాళ్ళ జాతే అంత, ఆలస్యంగా వస్తారు, అన్నారింకొకరు
బిస్కెట్టు టీలో ముంచుతూ.
అది విరిగి గ్లాసులో పడింది.
స్పూను కోసం అందరం వెతికాం.

సర్టిఫికెట్టుకి పోలయ్య ఒక్కడే వచ్చాడు.
పదకొండేళ్ళుంటాయేమో, వాడికే తెలీదు.
తమిళంలో ఒక్కో అక్షరం కూడబలుక్కుని
న్యుమోనియా దగ్గర ఆగాడు.
"అంటే ఏందన్నా?"
ఊపిరితిత్తుల్లో నీరు చేరిందిరా అన్నాను,
తేలికగా ఉంటుందని.
"ఏ నీళ్ళు?" అన్నాడు వాడు. "ఏట్లోవా?"

ముద్ర వేశాను. సిరా చాల్లేదు, మళ్ళీ వేశాను.

డాక్టరమ్మ బల్ల మీద ఓ చీటీ అంటించాను ఆ సాయంత్రం.
గళ్ళ, తెమడ, ఆయాసం, ఎగూపిరి,
తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు.
ఆవిడ చదివింది. నన్ను చూసింది.
చలి అంటే ఏమిటని అడిగింది.
చెప్పాను.
చాలాసేపు పెన్ను మూత పెట్టడం మర్చిపోయింది.

చీటీ నెలన్నా ఉండలేదు. టీ గ్లాసు మచ్చ కింద
మొదట గళ్ళ చెరిగింది.

మొన్న రైలు వంతెన మీంచి చూశాను.
ఏట్లో నలుగురైదుగురు, తలలు మాత్రం.
వాళ్ళలో ఒక తల చిన్నది.
పళ్ళ గాట్లు పడ్డ ఆ బుట్ట
వాడి నోటికి ఇంకా పెద్దదే.