అలియాస్

కోవూరు స్టేషన్లో పదకొండేళ్ళుగా రైటర్‌ని.
ఫారంలో పేరుకీ తండ్రి పేరుకీ నడుమ
బెత్తెడు ఖాళీ గడి: అలియాస్.
ఇంటిపేరు తాతలిచ్చేది.
ఈ పేరిచ్చేది కల్లంగడి బల్లలు,
లారీ ఆఫీసు అరుగులు.

పోట్లగిత్త వెంగయ్య.
పొట్టేలు మాలకొండయ్య, గుద్దేది నుదుటితోనే,
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని
పెళ్ళిపెద్దలా నిలబడి.
సగం వస్తాదు ఖాదర్‌బాషా,
కోటమిట్ట తాలింఖానాలో ఆర్నెల్లే చేరాడు,
మిగతా సగానికి ఫీజు లేక.
ఇంకొకడు, నేను రాస్తుంటే తొంగిచూసి
"తురుంకాను కాదు సార్, ఖాను,
ఒత్తి పలకాల" అన్నాడు,
చేతికి బేడీలుండగానే.

మా వైపు మడిని కయ్య అంటాం.
కయ్యకీ కయ్యానికీ తేడా ఒక్క సున్నా.
నీళ్ళు పారేది ఆ సున్నాలోంచే,
తూము నోరు కూడా గుండ్రమే గదా.

గుద్దుల చెంచురామయ్య కథ అక్కడిదే.
ఎడగారు పైరు, కాలవలో మోకాటిలోతు లేదు,
వంతు ఎవరిదో తేలని అర్ధరాత్రి
అన్న మూతిమీద ఒకే ఒక్క గుద్దు.
బురదలో రాలిన రెండు పళ్ళకోసం
టార్చిలైటేసుకుని
ఇద్దరూ కలిసే వెతికారంట.
"ఒక్క గుద్దుకి గుద్దుల అని
బహువచనమేందయ్యా" అంటాడు
వచ్చినప్పుడల్లా, ముప్పయ్యేళ్ళ నుంచీ.
భాష మీద నాకంత అధికారం లేదని చెప్పా.

మొన్న శనివారం, క్యారేజీ మూత తీస్తుంటే
ఒకామె వచ్చింది. కామాక్షమ్మ.
ఎడమ కంటి కింద వంకాయ రంగు.
ఎవరమ్మా? మా ఇంటాయన.
ఎన్నాళ్ళుగా?
పెద్ద పిలకాయ నడక నేర్చినప్పటి నుంచి.
వాడిప్పుడు ఐటీఐ రెండో సంవత్సరం.

పేరు రాశా. తండ్రి పేరుకి ముందు
అలవాటు కొద్దీ అడిగా:
ఊళ్ళో ఆయన్నేమంటారు?
కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.
"ఏమంటారయ్యా...
బో నెమ్మదస్తుడంటారు.
గట్టిగా దగ్గను కూడా దగ్గడంటారు."

పెన్ను గడిమీదే ఆగింది.
గిత్త, పొట్టేలు, వస్తాదు, దాదా,
నా దగ్గరున్న మాటలన్నీ బజారువి.
చెప్పులు విడిచి
గడప లోపలికొచ్చింది ఒక్కటీ లేదు.

క్యారేజీలో చారన్నం చల్లారిపోయింది.
ఆమె చెప్పిందే రాశా,
అలియాస్ నెమ్మదస్తుడు.

ఎస్సై చదివి, ఇదేందయ్యా,
కొట్టెయ్ అన్నాడు.

నేను కొట్టలేదు.