పదిహేడో నిమిషం

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర.
జాలారిపేట మలుపులో నూకరత్నం టిఫిన్ బండి కడిగేశాక
బోర్లించిన పెనానికి ఫోను ఆనించి కూచున్నాం.
తెర మీద తెల్లటి సున్నా తిరుగుతోంది,
తిరుగుతూనే ఉంది.
ఎండుచేపల వాసన మాకంటే ముందే వచ్చి
బెంచీ మీద చోటు పట్టింది.

"దానికి బరువు నేదురా," అన్నాడు పైడిరాజు.
పోర్టులో క్రేను నడుపుతాడు. బరువు విషయంలో
మామూలుగా వాడికి ఎదురు చెప్పం.
"అంత మరమనిషి అడుగేస్తే కాలవలో నీళ్లు కదలొద్దా?
ఇరవై టన్నుల పెట్టె లేపితే నా నడుముకి తెలుస్తాది.
వీడేటి, దూదిపింజె! కంప్యూటర్లో ఊదేసినారు."

నూకరత్నం చేతులు తుడుచుకుంటూ:
"బరువు కాళ్లలోనే ఉంటాదేటి?
అయిదో భాగంలో ఆ గుంట
యుద్ధం మజ్జిలో కిందికి దిగి
దాని కంటి అద్దం మీద ఉప్పు తుడిసింది సూడు,
అదీ బరువంటే.
మీ పాతోటిలో ఆడపిల్ల
రేడియో అట్టుకుని ఏడ్డం తప్ప ఏటి చేసింది?"

సాలొమోను ఏమీ అనలేదు.
వాడికి మొదటి పాట కావాలి, చివరి పాట కావాలి.
మధ్యలో కథ కూడా ఉంటుందని ఎవరో ఒకరు చెప్పాలి.

మాకు నలభై దాటాయి.
పదిహేడేళ్లప్పుడు పూర్ణా మార్కెట్ వెనక
కేసెట్ల కొట్లో దొరికాయి పదమూడు డిస్కులు,
ఏ ఓడవాడో బాకీ కింద వదిలేసి పోయినవి.
మాటలు జపానువి. కింద అక్షరాలు చైనావో ఏమిటో.
ఆ ఇనప రాక్షసుడి పేరు చదవలేక
క్రేనుగాడు అని పిలుచుకున్నాం.
కథ కూడా మేమే చెప్పుకున్నాం:
గడ్డం ముసలాయన రత్నం లెక్కలో కన్నతండ్రి,
పైడిరాజు లెక్కలో అప్పులవాడు.

పదమూడో డిస్కు మీద గీత.
పదిహేడో నిమిషంలో క్రేనుగాడి చెయ్యి పైకి లేచి
అక్కడే ఆగిపోయేది.
లుంగీతో తుడిచాం. పళ్ల పేస్టు రాశాం.
అరటితొక్క రుద్దాం.
చెయ్యి కొట్టడానికి లేచిందా,
ఆగమనడానికా, వెళ్లొస్తానని ఊపడానికా?
మూడు పార్టీలయ్యాం.
హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైన వారం
కొవ్వొత్తి దగ్గర కూడా అదే తగువు.

ఇప్పుడు అన్నీ ఉన్నాయట, వేలు ఆనిస్తే చాలట.
కొత్తది పదో భాగం దాకా ఒక యాప్‌లో,
మిగతాది ఇంకో యాప్‌లో, దానికి వేరే చందా.
కట్టాను. కట్టాక చెప్పింది:
మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.
మా ప్రాంతమంటే ఎంతవరకు?
డాల్ఫిన్స్ నోస్ దీపం వెలుగు పడినంత మేరా?
ఆ ఓడవాడినెవరూ ఈ మాట అడగలేదు.

మొదటి యాప్‌కి సాలొమోను పాస్‌వర్డే నలుగురికీ.
నిన్న దాన్నుంచీ కబురు:
ఒకే ఇంటివాళ్లయితేనే చూడాలి.
ఒక్క గీతని పాతికేళ్లు పంచుకున్నవాళ్లం
ఏ ఇంటివాళ్లమో రాయడానికి
ఆ గడిలో చోటు లేదు.

సున్నా ఆగింది.
కొత్తది రాలేదు. దాని బదులు, కింద వరసలో,
మీకు నచ్చవచ్చు అంటూ
క్రేనుగాడు.
కడిగి, రంగులు దిద్ది, వాడి అసలు పేరుతో.
పదమూడు భాగాలూ.

ఎవరం ముట్టుకోలేదు.
సోడా బండి వెళ్లిపోయింది. కుక్క ఒకటి వచ్చి పోయింది.
"చివరి పాటొక్కటే," అన్నాడు సాలొమోను,
"బొమ్మ మీరు చూడకండి."
వాడు పదమూడు నొక్కి, ఇరవై రెండో నిమిషానికి జరిపాడు.
మేం ముగ్గురం సముద్రం వైపు తిరిగి
పరీక్ష హాల్లో పిల్లల్లా కళ్లు మూసుకున్నాం.

పాట అయిపోయింది.
బేటరీ నాలుగు శాతం.

"పాట బట్టి సూస్తే," అంది నూకరత్నం,
"కొట్టనేదు."
"పాట బట్టేటి తెలుస్తాది?" అని లేచాడు పైడిరాజు.
కొత్తదాని సంగతి ఇంకా తేలనే లేదు.