నీళ్ల గడిలో గీత

డాబాగార్డెన్స్‌లో ఫొటో ఫ్రేములు కట్టే షాపు పైన
మా సంఘం గది.
మూడో శనివారం, సాయంత్రం ఐదున్నర.
చందా ఏడాదికి ఆరు వందలు,
సగం మంది బాకీ.
ఆ సగంలో నా పేరూ ఉందని
కార్యదర్శిని కనక నాకొక్కడికే తెలుసు.

కింద మేకులు కొడుతుంటారు,
పైన మేం కణాల గురించి మాట్లాడుకుంటాం.
గోడ మీద నినాదాలేం లేవు.
హుద్‌హుద్ నాటి ఫొటో ఒకటుంది:
ఆటో నిండా థర్మకోల్ పెట్టెలు,
వాటి మీద గొర్లె జోగినాయుడు.
కరెంటు లేని ఆ వారం,
ఎవరి ఫ్రీజర్లో ఏ సూక్ష్మజీవి చచ్చిపోతోందో
అడగడానికి ఫోన్ కలవని ఆ వారం,
హార్బరు పక్కన జనరేటరున్న ఐసు ఫ్యాక్టరీలో
నాలుగు కంపెనీల కల్చర్లు ఒకే పెట్టెలో చేరాయి.
ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ల సీసాలు
భుజాలు రాసుకుని వణికాయి.
సంఘం పుట్టింది అక్కడ.
రిజిస్ట్రేషనంటారా, అది తర్వాతెప్పుడో.

చాలా శనివారాలు ఇక్కడ ఏమీ జరగదు.
ప్రొజెక్టర్ వెలగదు. పకోడీ చల్లారిపోతుంది.
ఒకాయన జన్యువుల గురించి మొదలెట్టి
బీచ్ రోడ్డు ట్రాఫిక్ దగ్గర తేల్తాడు.

మొన్న మటుకు
భీమిలి వైపు హేచరీ నుంచి
మైలపల్లి హైమ వచ్చింది.
ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు.
టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని
"నీళ్ల గడిలో గీతొచ్చిందండి" అంది.

తెలియనివాళ్లకి చెప్పాలి.
పిల్ల రొయ్యలకి రోగముందేమో చూసేటప్పుడు
ఒక గడిలో ఏ రొయ్యనీ వెయ్యం.
ఉత్త నీళ్లు.
అక్కడ ఏ గీతా రాకూడదు.
వచ్చిందా,
మిగతా గడుల మాట ఇక నమ్మడానికి లేదు.
నీటి మీద రాత నిలవదంటారు.
ఈ పిల్ల నీళ్లలో రాత
మూడుసార్లు మళ్లీ చేసినా పోలేదు.

"పిపెట్లు మార్చానండి,
బల్లంతా బ్లీచింగుతో కడిగానండి.
రెండు ట్యాంకులు పారబోయించేశారు,
పన్నెండు లక్షల పిల్లలండి.
నా చెయ్యే మంచిది కాదంటన్నారు.
బయట ఎక్కడా అనొద్దన్నారు."

అని
ఇక్కడ అనేసింది.

జుబేదా మేడం కళ్లద్దాలు తీసి
దుపట్టా కొసతో తుడుస్తూనే ఉన్నారు.
కింద మేకుల చప్పుడు కూడా ఆగింది,
వాళ్లకేం తెలుసని.

డేవిడ్ రత్నం దగ్గాడు.
హైమ కంపెనీకి సరిగ్గా ఎదుటి కంపెనీ ఆయనది.
"మాకూ వచ్చింది" అన్నాడు.
"ఆగస్టులో."
జోగినాయుడు ఏమీ అనలేదు,
ఫోన్లో ఒక ఫొటో వెతికి బల్ల మీద పెట్టాడు.
అదే గీత. అదే నీళ్ల గడి.

హైమ బ్యాగులోంచి కిట్టు డబ్బా తీసింది.
అడుగున అచ్చేసిన నంబరు
ముగ్గురూ మూడు డబ్బాల మీద చదివారు,
తంబోలా అంకెలు పిలిచినట్టు.
ఒకటే నంబరు.

మూడు నెలలుగా మూడు ల్యాబుల్లో
మూడు జతల చేతులు
తమని తామే అనుమానించుకుని
తోలూడేలా కడుక్కున్నాయి.
మలినం కొన్న సీసాలోనే ఉంది.

మినిట్స్ రాశాను.
కంపెనీకి ఉత్తరం, అందరి సంతకాలతో.
ఇక మీదట ఎవరి గడిలో ఏ గీత వచ్చినా
వారంలోగా అందరికీ కబురు.
హైమ మేనేజరుకి
సంఘం లెటర్‌హెడ్ మీద మేడం మాట.

పుస్తకం మూయబోతుంటే
డేవిడ్ రత్నం చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఆగస్టులో మేమొక కుర్రాణ్ణి తీసేశాం.
చేతులు శుభ్రం లేవని."
పేరేంటన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"తగరపువలస బస్సులో వచ్చేవాడు" అన్నాడు,
అంతే.

అయిదో తీర్మానం ఎదురుగా
ఒక పేరు పట్టేంత చోటు వదిలి
సంతకం చేశాను.
ఇదొక్కటీ
గీత రావలసిన ఖాళీ గడి.