పూతలపట్టులో రెండు నిమిషాలు

తిరుపతి నుంచి చిత్తూరుకు
నా లెక్కలో కిలోమీటర్లు లేవు,
మరుగుదొడ్లు ఉన్నాయి.
చంద్రగిరిలో పెట్రోలు బంకు వెనక ఒకటి, గొళ్ళెం పడదు.
పనపాకంలో టీకొట్టామె ఇంట్లో ఒకటి,
చెప్పులిప్పి లోపలికి పోవాల.
పాకాల క్రాసు దాటినాక చాలాసేపు ఏమీ లేదు.
ఆ చాలాసేపులోనే
టిక్కెట్ల మిషను పొట్టకు అదిమిపెట్టుకోని
చిల్లర లెక్క తప్పుతా ఉంటాను.

మూడున్నరకు లేస్తాను.
రాగిపిండిని నీళ్ళలో కలిపి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి
జావ కాస్తాను. ఉప్పు, పలచని మజ్జిగ.
మా ఇంట్లో సంగటంటే ముద్ద నిలబడాల,
నాది గ్లాసులో కూడా నిలబడదు.
పక్కనే రోట్లో మా ఇంటాయనకు
చెనిగ్గింజల ఊరిబిండి నూరతాను.
చేతికంటిన వాసన ఒక్కటే నా వాటా.
బస్సెక్కినాక కూడా అప్పుడప్పుడు
చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటాను.

వేలూరు డాక్టరు జబ్బు పేరు చెప్పినాడు, క్రోన్స్ అని.
మా అత్త నాగభూషణమ్మ నోట్లో అది
కొరివి అయింది.
ఆమె పెట్టిన పేరే సరిపోయింది.
"వేడి చేసుంటాదిలేమ్మే, సబ్జాలు నానేసుకోని తాగు."
పేగు ఒకచోట సన్నబడిందనీ
గింజ, తొక్క, పీచు అక్కడ తట్టుకుంటాయనీ
ఆమెకు ఎట్ల చెప్పేది?
గుండెకైతే ఊరంతా వస్తాది పలకరించేదానికి.
పేగుకు పరామర్శ లేదు.

"అందరికీ ఒకటే పత్యం కాదు,
నీ ఒంటికి ఏది పడతాదో రాసుకో" అన్నాడు డాక్టరు.
రాసుకుంటాను, పాత ఎస్సార్ కాగితాల వెనక.
ముందువైపు ఎవరెక్కినారు, ఎవరు దిగినారు.
వెనకవైపూ అంతే.

మంగళవారం: గింజ తీసిన టమేటా చారు. పడింది.
బుధవారం: పాలకాఫీ. పడలేదు. రెండుసార్లు దిగినాను.
శుక్రవారం: దామలచెరువు మామిడి, ఒక్క ముక్క.
నాలిక్కి పండగ. కడుపుకు ఇంకా తెలీదు.
శనివారం: తెలిసింది.

కొండ దిగినోళ్ళు లడ్డు పెడతారు, వద్దనేదానికి లేదు.
కళ్ళకద్దుకోని, జీడిపప్పు పక్కకు తీసి
ఆవగింజంత నాలిక మీద పెట్టుకుంటాను.
మిగతాది డ్రైవరు చెంగల్రాయులన్నకు.
"నీ పత్యానికి నాకు షుగరొస్తాదమ్మే" అంటాడు, తింటాడు.

పోయిన ఆషాఢంలో ఒకరోజు
ఆయన అద్దంలో నా మొహం చూసినాడు.
పూతలపట్టులో, స్టాపు కాని చోట,
ముంగిట్లో గాబు ఉన్న ఇంటి ముందర
బండి పక్కకు తీసినాడు.
"రేడియేటరు వేడెక్కింది, రెండు నిమిషాలు."
ఎవరో తిట్టినారు, కోర్టు వాయిదా ఉందని.
ఆయన బిందె అడిగే వంకతో ఆ ఇంటి తలుపు కొట్టి
ఆ ఇంటామెతో ఏమో చెప్పినాడు.
ఆమె నన్ను చూసి పెరటి వైపు చెయ్యి చూపించింది.
నేను తిరిగొచ్చేసరికి
చల్లగా ఉన్న రేడియేటరులోకి
నింపాదిగా, చెంబు చెంబుగా, నీళ్ళు పోస్తా ఉన్నాడు.
ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

నిన్న మూడో సీట్లో ఒక కాలేజీ పిల్లోడు.
చొక్కా గుండీల మీద గుప్పిట.
కిటికీలోంచి ప్రతి బోర్డూ చదవతా ఉన్నాడు,
బంకు, హోటలు, స్కూలు, మళ్ళీ బంకు.
ఆ చదువు నాకు వచ్చు.
యాడికి పోవాలని గానీ, ఏమైందని గానీ అడగలేదు.
ముందుకు పోయి, "అన్నా, రేడియేటరు" అన్నాను.
చెంగల్రాయులన్న అద్దంలోకి చూసినాడు,
నన్ను కాదు, నా వెనక్కి.
బ్రేకు మీద కాలు పెట్టినాడు.

ఈరోజు కాగితం:
జావ. మెత్తటన్నం, సొరకాయ, తొక్కా గింజా తీసి.
నొప్పి లేదు.
రాత్రి, ఎవరూ చూడనప్పుడు, ఊరిబిండి,
చిటికెన వేలి కొస మీద.
ఇంకా తెలీదు.