ఉప్పు తిన్న బండి

ముందు మావ, ఎనక నాను,
నా ఎనక సేపల డబ్బా.
కోనాడలో తెల్లారకముందు ఎక్కితే
పూసపాటిరేగ దాటేసరికి
ఐసు కరిగి
ఉప్పునీరు సుక్క సుక్కగా
బండి నడ్డి మీద పడతాది.
పదకొండేల్లుగా పడతాది.

మడ్‌గార్డు ముందు ఉబ్బింది,
తరవాత పొరలు పొరలుగా ఊడింది.
సైడు ప్యానెలు సెవి ఇరిగిపోతే
సుతిలితాడు కట్టుకుని
రెండు వానాకాలాలు తిరిగినాం.
మొన్న గోతిలో పడి తాడు తెగి
అది తారురోడ్డు మీద గింగిరాలు తిరిగితే
లారీల మద్దిన దిగి నానే ఏరి తెచ్చినాను,
కొంగున కట్టి.

సోమారం సేపలు కొనీవోల్లు తక్కువ.
డబ్బా కాళీ సేసి ఇజీనారంలోనే దిగిపోనాను.
"బండి సామాన్ల కొట్టుకి నువ్వెందుకే?" అన్నాడు మావ.
"బేరం నీకొచ్చా?" అన్నాను.
మరి మాటాడనేదు.

కొట్టు నిండా తాల్లకి ఏలాడతన్నాయి
మడ్‌గార్డులు, డూములు, తోకలు,
ఎండకేసిన సావిడాయల్లాగ.
కంపెనీదైతే పదకొండొందలు,
బైటిదైతే నాలుగొందల యాబై.
"అచ్చం కంపెనీదేనమ్మా"
కొట్టు కుర్రోడు కన్ను ఆర్పకుండా సెప్పినాడు.
నవ్వొచ్చింది.
నిన్నటి కానాగంతకి నీల్లు సిలకరించి
"ఇప్పుడే ఒడ్డుకొచ్చిందమ్మా" అని
నానూ అంత నిమ్మలంగానే అంటాను.

మొప్ప ఎత్తి సూసినట్టు
ప్యానెలు తిరగేసినాను.
లోపలేపు రంగు నేదు.
గోటితో కొడితే వట్టి డబ్బా సప్పుడు.
పేరు కాడ ఏదో వంకర.
"ఈ అచ్చరం ఇలాగ నేదు బావూ."
"అదెవులు సదువుతారమ్మా?"

నాకు సదువు రాదు.
పదకొండేల్లు ఎడం పక్కకి కాల్లేసుకుని
ఆ అచ్చరాల మీదే మడమ ఆనించి కూకున్నాను.
ఏది ఎటు తిరుగుతాదో
నా మడమకి తెలుసు.

మూడొందల తొంబైకి దింపినాను.
నాలుగు బోల్టులు కొసరు.

రింగురోడ్డు మీద లచ్చుంనాయుడి షెడ్డు.
పాత బోల్టు కిరసనాయిలు తాగింది, కదల్నేదు.
సుత్తి దెబ్బలు తింది, కదల్నేదు.
ఆకరికి ఉలి పెట్టి తల కోసినాడు.
"మీ బండిని ఉప్పు తినేసిందమ్మా."
"బండే మా ఉప్పు తిన్నాది నాయుడా,
అందుకే ఇన్నాల్లు ఇడిసిపెట్టనేదు."

కొత్తది పెడితే కన్నానికి కన్నం అందదు,
అరేలు తేడా.
ఈసరడు సలాకు ఎర్రగా కాల్సి గుచ్చినాడు.
ఆ కంపుకి కడుపులో దేవింది.
వలకి కన్నం పడితే మేం కుట్టుకుంటాం,
ఈలు కన్నం పొడిస్తే గానీ బిగించనేరు.
ఒకేపు మూడు వాసర్లు,
ఇంకోయేపు ట్యూబు ముక్క,
మోకాలితో నొక్కి, పల్లు బిగబట్టి,
టక్!
కూకుంది.

రంగే కలవనేదు.
ట్యాంకు ఎండుమిరప ఎరుపు,
ఇది జాతరలో బుడగెరుపు.

మావ బండి సుట్టూ ఒకసారి తిరిగినాడు.
బాగుందననేదు, బాగోనేదననేదు.
తువ్వాలుతో మడ్‌గార్డు మీది ఏలిముద్రలు తుడిసినాడు.
మర్నాడు మూడింటికి నేసి సూద్దును గదా,
లాంతరు పక్కనెట్టుకుని
లారీ ట్యూబు కోసి
డబ్బా కింద దోనిలాగ కడతన్నాడు,
ఉప్పునీరు రోడ్డు మీదకి పోయేలాగ.
పదకొండేల్లు తోచనిది
మూడొందల తొంబైకి తోచింది మడిసికి.

పాత ప్యానెలు పారేయనేదు.
అంచు అరగదీసి
ఐసు ఎత్తే సేటగా ఉంచుకున్నాను.
అచ్చరాలన్నీ సక్కగా ఉన్నాయి దానిమీద.
కొత్తది మా ఉప్పు ఇంకా రుచి సూడనేదు.
ఇది మటుకు
తెల్లారితే తింటానే ఉంది.