పూచీ

మొదటి సర్వీసుకని వెళ్తే
షోరూములో ఏసీ ఎక్కువైంది.
ఎదురుగా కూర్చున్న అమ్మాయి
కాగితం నావైపు తిప్పి గోరుతో గీత చూపించింది.
"మూడేళ్లు కంపెనీది సార్, ఆపైన రెండేళ్లు మీరు కొనుక్కోవాలి.
పదకొండు వేల నాలుగొందలు.
రోజుకి పదహారు రూపాయలు కూడా పడదు."

నా గోళ్లలో గ్రీజు చూసుంటే
ఆ లెక్క నాకు చెప్పేది కాదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా
వారంటీ అయిపోయిన బళ్ల మీదే
మా ఇంట్లో ఎసరు మరుగుతోంది.

ఇన్నాళ్లూ నేను తోలినవి
ఎవరో వదిలేసినవి, ఇంకెవరో అమ్ముకోలేనివి,
ఒకదాని గేరుబాక్సు, మరోదాని తలుపు,
బొంతలా కుట్టుకున్న బళ్లు.
ఈ చిన్న లోడు బండే మొదటిది,
సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా ఉన్నది.
శేషారత్నం తియ్యనివ్వట్లేదు.

వారంటీని మా లాజరు మేస్త్రి పూచీ అనేవాడు.
కాగితం ఇచ్చేవాడు కాదు.
బానెట్ మీద అరచేత్తో ఒక్కటి చరిచి
"ఆర్నెల్లు నాదీ పూచీ, పో" అనేవాడు.
ఆరో నెల చివర్లో, అర్ధరాత్రి,
హనుమాన్ జంక్షన్ అవతల లారీ ఆగిందని కబురొస్తే
లుంగీ మీదే బయల్దేరేవాడు, నన్ను వెనక ఎక్కించుకుని.
దారిపొడుగునా తిట్టేవాడు,
లారీని, డ్రైవర్ని, నన్ను.
పూచీని మాత్రం ఏనాడూ తిట్టలేదు.

ఈ కాగితానికి నాలుగు పేజీలు.
మూడో పేజీ నిండా చీమలబారు అక్షరాలు.
క్లచ్ ప్లేటు రాదు, బ్రేకు లైనింగు రాదు,
రబ్బరుది ఏదీ రాదు, ఎలకలు కొరికిన వైరు రాదు,
నీళ్లు రావు.
నీళ్లంటే ఏ నీళ్లమ్మా అన్నాను.
"వరద సార్."

బుడమేరు వచ్చిన ఏడాది
సింగ్ నగర్ నుంచి తోసుకొచ్చిన బళ్లు
మా ఆటోనగర్ షెడ్డు ముందు బారులు తీరాయి.
సైలెన్సర్లలోంచి బురద,
ఒకదాంట్లోంచి బతికున్న పీత.
దాన్ని మా నాగూరుగాడు సీసాలో పెట్టుకున్నాడు.
బళ్లవాళ్లు నాకు ఇలాంటి కాగితాలే తీసి చూపించారు,
తడిసి, ఒకదానికొకటి అతుక్కుపోయి.

అయినా నన్ను ఆపింది అది కాదు. నాలుగో పేజీ.
"సీలు తీసినా, బయటి మెకానిక్ చెయ్యి పెట్టినా
మొత్తం చెల్లదు సార్."
బయటి మెకానిక్.
ఆ పిల్ల నన్ను అనలేదు పాపం, ఉన్నది చదివింది.

డబ్బు కట్టి, రసీదు తీసుకుని,
అయిదేళ్లు
నా బండికి నేను బయటివాణ్ని కావాలి.

ఇంటికొచ్చి చెబితే నవ్వుతుందనుకున్నాను.
శేషారత్నం చింతపండులో గింజలు తీస్తోంది, తలెత్తలేదు.
"కట్టు" అంది.
"నేనుండగా దేనికే?"
"మొన్న చేతిలోంచి స్పానరు ఎన్నిసార్లు జారింది?"

రెండుసార్లు.
తను చూసిందని నాకు తెలీదు.
కుడిచేతి చివరి రెండు వేళ్లూ
ఉగాది నుంచి నా మాట వినట్లేదు.
నట్టు బిగిసిందో లేదో ఇదివరకు అవే చెప్పేవి.
ఇప్పుడు నాగూరుని అడుగుతున్నాను,
వాడికి పని నేర్పుతున్నట్టు.

పూచీకీ పూచికపుల్లకీ ఎంత దూరమో
మేస్త్రి చెప్పకుండానే పోయాడు.

గడువు నెలాఖరు దాకా ఉంది.
కాగితం డాష్‌బోర్డులో మడిచి పెట్టాను.

ఈ పొద్దున రామవరప్పాడు రింగు దగ్గర
ఎడమవైపు నుంచి సన్నగా ఒక చప్పుడు,
ఎండుమిరపకాయలో గింజలు కదిలినట్టు.
షోరూము కంప్యూటరుకి
ఇంకో నాలుగువేల కిలోమీటర్లు తిరిగితే గానీ వినపడదు.
పక్కకి ఆపి బానెట్ ఎత్తాను.
ఎక్కడో తెలుసు. ఏ బోల్టో తెలుసు.
పన్నెండో నంబరు స్పానరు, పావు తిప్పు.
దాని పక్కనే ఎర్రగా సీలు,
ఇంకా చెరగని బొట్టులా.
చేతులు వెనక్కి కట్టుకుని,
ఎండ నెత్తికెక్కుతుంటే, హారన్లు మోగుతుంటే,
ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.

ఎవరో ఆటో కుర్రాడు
స్పీడు తగ్గించి తల బయటపెట్టాడు:
"ఏమైంది బాబాయ్,
మెకానిక్‌ని పిలవమంటావా?"