మింగకుండా

ఆఖరి కంటైనరు మద్రాసు హార్బరుకు కదిలిన సాయంత్రం
దామోదరం నాయుడు నన్ను ఆఫీసులోకి పిలిచి
గాజు గొట్టంలో ఉన్న చుట్ట ఒకటి చేతిలో పెట్టినాడు.
‘దుబాయి పార్టీ ఇచ్చింది. ఒక్కోటి నీ వారం జీతం.
ఇంక నీ నాలుకతో పని లేదు కదా, కాల్చుకో.’
ఎగతాళి కాదు, ఆయన మాట తీరే అంత.
కొత్త మిషను వచ్చింది. చుక్క రసం వేస్తే చాలు,
తీపిని అంకెలో చెప్తుంది.
దానికి జలుబు చెయ్యదు.

ఇరవై ఆరు సీజన్లు
మామిడి గుజ్జు రుచి చూసి బతికినోణ్ణి.
బీడీ ముట్టలేదు, వక్క నమల్లేదు,
జూన్ జులైల్లో ఊరగాయ జాడీ దిక్కు చూడలేదు.
నాలుక నా నోట్లో ఉండేది గానీ
ఫ్యాక్టరీది.

గ్రీమ్స్‌పేటలో మా మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నా.
కత్తెర లేదు, అంటు కట్టే బ్లేడుతో కొస కోసినా.
అగ్గిపుల్ల గంధకం వాసన పోయేదాకా ఆగి
అంచుల్ని తిప్పి తిప్పి కాల్చినా, పచ్చడికి వంకాయ కాల్చినట్టు.
‘పొగ మింగొద్దు, నోట్లో తిప్పి వదిలెయ్’ అన్నాడు నాయుడు.
నాకా చెప్పేది!

మొదట తడిసి ఆరిన గోనెసంచి.
దాని వెనకాల వేయించిన కాఫీ గింజ, కొత్త చెప్పుల తోలు.
ఇంకా వెనక, ఎక్కడో దూరంగా,
బెల్లం గానుగ కాడ పెనం అడుగున మాడిన పాకం.
వాసనకు పదికి ఎనిమిది.
బూడిద రెండు వేళ్ళ పొడుగున రాలకుండా నిలబడింది.
చుట్టిన చెయ్యి మంచిది. ఏ దేశపు ఆయమ్మో,
తను చుట్టింది ఎప్పుడన్నా కాల్చి చూసిందో లేదో.

సగానికొచ్చినాక మిరియం తగిలింది ముక్కులో.
ఎందుకో ఏడో నంబరు ట్యాంకు గుర్తొచ్చింది.
ఆ ఏడు నాకు జలుబు. వాసన తెలీకుండానే
పాస్ అని సంతకం పెట్టినా.
కప్పలెక్కి పోయింది. ఎవరూ ఏమీ అన్లేదు.
నేనూ అన్లేదు.

చివర్లో వేడెక్కి చేదు దిగింది.
గుజ్జయితే డ్రమ్ములన్నీ వెనక్కి పంపేవాణ్ణి.
దీన్ని ఎవరికి పంపేది?
వేళ్ళు చురుక్కుమనేదాకా కాల్చినా.

ధనభాగ్యం మెట్లెక్కి వచ్చింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని.
‘ఎవురో కొత్త మనిషి ఇంట్లో దూరినట్టుంది ఈ వాసన.’
పళ్ళెంలో బెంగుళూరా ముక్కలు, ఉప్పు, కారం.
‘ఈ ఏటికి ఇదే కడాకు కాయ. ఎట్లుందో చెప్పు.’

నోట్లో వేసుకున్నా.
పొగ కమ్మిన నాలుక మీద పులుపు లేదు, తీపి లేదు,
కారం గూడా ఎవరిదో అన్నట్టుంది.
అలవాటు కొద్దీ ఉమ్మేదానికి
తొట్టి కోసం చుట్టూ చూసినా.

‘ఏమీ తెలీడం లేదే’ అన్నా.

‘తెలీకపోతే ఏమిలే,’ అనింది,
‘మింగు.’